ఒళ్ళంతా వెలుగుతోందన్న మాట

గత ఏడాది భాద్రపదంలో మొదలైన జ్వరం కార్తీక పౌర్ణమి నాటికీ నన్ను వదలలేదు. ముక్తేశ్వరం దగ్గర మా ఊళ్ళో దీపం పెట్టే వేళకు చలి మొదలయ్యేది, తొమ్మిదింటికి 102 డిగ్రీలు దాటేది, తెల్లవారుజామున చెమటకు చీర తడిసి ముద్దయ్యేది. టైఫాయిడ్, మలేరియా, డెంగీ అన్నీ చూశారు. ఒంట్లో వాపు ఉంటే పెరిగే ఈఎస్‌ఆర్ అనే రక్తపరీక్ష మాత్రం 110 చూపించింది, కారణం దొరకలేదు. ఊళ్ళో వైద్యం చేసే ఆయన సూది వేస్తే రెండు రోజులు హాయిగా ఉండి మూడో రోజుకు మళ్ళీ ఒళ్ళు కాలిపోయేది. అది వాపును అణిచే స్టెరాయిడ్ మందని ఆయన చెప్పలేదు, ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన నేనూ అడగలేదు.

కాకినాడలో డాక్టరుగారు మొదట చేసిన పని ఆ మందులన్నీ ఆపించడం. "జ్వరాన్ని రానివ్వండమ్మా, పూటపూటా నోటుబుక్కులో రాయండి" అన్నారు. మా వారికి కోపం వచ్చింది కానీ నాకెందుకో ఆయన మీద గురి కుదిరింది. మూడు వారాలు దాటినా, ఆసుపత్రిలో వారం వెతికినా అంతుచిక్కని జ్వరాన్ని 1961లోనే పీటర్స్‌డార్ఫ్, బీసన్ అనే వైద్యులు ప్రత్యేకంగా నిర్వచించారని, ఇది నా ఒక్కదాని కర్మ కాదని ఆయనే చెప్పారు. స్టెరాయిడ్ పడితే జాడ చెరిగిపోతుందని, ముందు పెట్ సీటీ అనే స్కాన్ చేయించాలని విశాఖపట్నం పంపారు.

ఆరు గంటలు ఏమీ తినకుండా ఉన్నాక, చక్కెర లాంటి పదార్థానికి రేడియోధార్మిక ఫ్లోరిన్ చేర్చిన మందు నరానికి ఎక్కించి, గంటసేపు కదలకుండా పడుకోబెట్టారు. వాపు గానీ, చీము గానీ, కణితి గానీ ఉన్నచోట కణాలు చక్కెరను ఎక్కువగా లాక్కుంటాయి కనుక బొమ్మలో ఆ చోటు మెరుస్తుందట. స్కాన్ ముగిసి నేను బల్ల దిగుతుండగా అద్దం అవతల ఒక కుర్రవాడు పక్కవాడితో, "ఎముకలన్నీ వెలుగుతున్నాయి చూడు, ఒళ్ళంతా పాకేసినట్టుంది" అన్నాడు.

ఆ రాత్రి మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. దానికి అయిదో నెల. గర్భిణులకు, పసిపిల్లలకు ఆ రోజుకు దూరంగా ఉండమని చెప్పారు కనుక వెనక గదిలో ఒక్కదాన్నే పడుకున్నాను. మందు బలం 110 నిమిషాలకొకసారి సగమవుతుందని విని గడియారం చూసుకుంటూ లెక్క వేశాను. పదింటికి సగం, పన్నెండుకు అందులో సగం. నాలోని రోగం మాత్రం ఒళ్ళంతా పాకుతోందనే అనుకున్నాను. హాలు అవతలి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని అమ్మాయి కూర్చున్నట్టు చీర చప్పుడు వినిపించింది. రమ్మని పిలవలేను, పొమ్మని అనలేను. దానికి పుట్టబోయే బిడ్డను చూస్తానా అని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.

మర్నాడు డాక్టరుగారు బొమ్మ తెరిచి చూపించారు. ఎముకల మూలుగ, ప్లీహం మెరవడం ఇంతకాలపు జ్వరానికి శరీరం స్పందించిన తీరట, క్యాన్సర్ కాదు. అసలు చోటు వేరే ఉంది. గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని గోడ, దాని నుంచి భుజాలకు వెళ్ళే కొమ్మలు గీత గీసినట్టు మెరుస్తున్నాయి. రెండు నెలలుగా దండెం మీద బట్టలారేయడానికి చేతులెత్తితే లాగేసేది, వయసు మీద పడిందనుకున్నాను. బొమ్మ చోటునే చెబుతుంది, జబ్బు పేరు మనమే తేల్చాలని ఆయన క్షయ లేదని పరీక్షలతో నిర్ధారించుకుని, ఇది ధమని గోడల వాపేనని తేల్చాకే ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర 40 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. మూడో రోజు నోటుబుక్కులో 98.4 అని రాసుకున్నాను.

రెండు రోజులు సుఖాన్నిచ్చిన ఆ సూది ఏమిటో ఊళ్ళో ఆయన చీటీ మీద రాసి ఇచ్చి ఉంటే నాకింత ఆలస్యమయ్యేది కాదు, ఈ కోపం పోలేదు. సూది ఎవరు వేసినా పేరు అడగండి, రాయించుకోండి. అద్దం అవతలి కుర్రవాడినీ క్షమించలేకపోతున్నాను. మొక్కు ప్రకారం రేవు దాటి కోటిపల్లి సోమేశ్వరస్వామికి అభిషేకం చేయించాం.

మాత్ర మోతాదు నెలనెలా తగ్గించుకుంటూ వచ్చారు. అమ్మాయిని పురిటికి ఇంటికి తెచ్చుకున్నాం. ఆ రాత్రి తలుపుకు చెరో పక్కన మెలకువగా ఉన్న సంగతి మేమిద్దరం ఇంతవరకూ మాట్లాడుకోలేదు.