కొత్త అమావాస్య నాడు పొలం గట్టున

ఉగాది ముందు రోజు ఇంట్లో బూజు దులుపుతుంటే మా బామ్మర్ది ఫోన్. "బావా, రాత్రికి ఉదయగిరి వైపు పోదాం, చంద్రుడు ఉండడు." వాడు పంచాంగం తెరిచేదే అమావాస్యల కోసం. ఆకాశం ఫోటోలు తీస్తాడు. వాట్సాప్‌లో పెట్టినప్పుడల్లా లైక్ కొట్టేవాణ్ణి గానీ, లోపల మాత్రం ఇదంతా ఎడిటింగేలే అనుకునేవాణ్ణి.

మా కావలిలో ఊరి లైట్లకు రొయ్యల గుంటల లైట్లు, సముద్రపు తేమ తోడై ఆకాశం బూడిద పూసినట్టు ఉంటుంది. ఉదయగిరి దాటి ఓ మెట్ట పొలం దగ్గర బండి ఆపి లైటు ఆర్పాం. మొదట ఏమీ తెలియలేదు. కళ్ళు చీకటికి అలవాటు పడేకొద్దీ చుక్కలు పుట్టుకొస్తూనే ఉన్నాయి, ఇక చాలు అన్నా ఆగేలా లేవు.

పదకొండింటికి టార్చి వెలుగు మా మీద పడింది. అడవిపందులకు కాపలా ఉన్న పెద్దాయన. "ఎవురు నాయనా మీరు, గుప్తనిధులకొచ్చినారా?" ఉదయగిరి దుర్గం పక్కన, అమావాస్య రాత్రి, మూడు కాళ్ళ స్టాండుతో ఇద్దరు మగాళ్ళు కనిపిస్తే అనుమానం రాకపోతేనే వింత. చుక్కల ఫోటోలని చెబితే పడమటికి తలెత్తి చూసి "పిల్లలకోడి కుంకిపోయిందే, ఇంకేం తీస్తారు?" అన్నాడు. మా వాడు నోరెళ్ళబెట్టాడు. కృత్తికలు దిగిపోయి అరగంటే అయింది మరి.

మా వాడికి కావలసింది దక్షిణాన ఉంది, ఒమేగా సెంటారీ. ఒంటిగంట దాటాక బాగా పైకొచ్చింది. కంటికి చిన్న పాలమరకలా ఉంటుంది గానీ, అది 17,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న కోటి నక్షత్రాల ముద్ద. తోకచుక్క హ్యాలీ ఉన్నాడే, ఆయన 1677లో సెయింట్ హెలెనా దీవి నుంచి చూసి ఇది మామూలు నక్షత్రం కాదని గుర్తించాడు. లండన్‌లో కూర్చుంటే అది ఎన్నటికీ పైకి రాదు. ఆయన ఓడెక్కి పోయి చూసినదాన్ని మేం పొలం గట్టు మీద పల్లీలు తింటూ చూశాం.

వాడి సరంజామా సెకండ్‌హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్, 50 ఎంఎం లెన్సు. ఆ లెన్సుతో షట్టర్ ఆరేడు సెకన్లు దాటితే భూమి తిరుగుడుకి చుక్క కాస్తా గీత అవుతుంది. అందుకని ఆరేసి సెకన్లవి 400 తీసి, ఇంటికొచ్చాక కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేరుస్తాడు. చుక్క అన్నిటిలోనూ ఉంటుంది, చెత్త మచ్చలు ఒక్కోదాంట్లో ఒక్కోచోట పడతాయి, కాబట్టి 400 కలిపితే వెలుగుతో పోలిస్తే ఆ చెత్త ఇరవయ్యో వంతుకు తగ్గుతుంది. ఆ తర్వాత లెన్సుకు మూత పెట్టి 30 ఫోటోలు తీశాడు. ఏందిరా, మూత తీయడం మరిచావా అని నవ్వితే, కెమెరా తనంతట తాను ప్రతి ఫోటోలో ఒకేచోట పుట్టించే మచ్చలు కూడా ఉంటాయి, అవి ఎక్కడున్నాయో తెలియాలి కదా, వాటిని అసలు ఫోటోలోంచి తీసేయాలి అన్నాడు. తెల్లారాక అంచుల్లో వచ్చే నలుపు సరిచేయడానికి లెన్సు మీద తెల్ల బనియన్ కప్పి ఇంకో 20. ఆ బనియన్ నాదే, దోమలు కుట్టిందీ నన్నే.

ఇంత చూశాక కూడా ఎడిటింగ్ అనేస్తే పాపం తగులుతుంది. చీకట్లో మన కంటికి రంగులు తెలియవు, కెమెరా వెలుగును పోగుచేసి చూపిస్తుంది, అంతే. గుడి గోపురం వెనక ఎక్కడిదో పాలపుంతను తెచ్చి అతికించే బాపతు వేరే ఉంది, దాని జోలికి నేను పోను.

పెద్దాయన మాత్రం "మా పొలం పడిందా అందులో?" అని రెండుసార్లు అడిగాడు. పడలేదు. మూడున్నరకి వృశ్చికం వెనకాలే పాలపుంత ఆయన వేపచెట్టు మీదికి వచ్చాక, వెడల్పుగా పట్టే 18 ఎంఎం లెన్సు మార్చి, దాంతో గీతలు అంత తొందరగా పడవని 15 సెకన్లు పెట్టి ఒకటి తీశాడు మా వాడు. ఆయన మురిసిపోయి, ఆ చెట్టుదే వేపపువ్వు కోసి పచ్చడికని సంచిలో పోశాడు. ఆలస్యంగా ఇల్లు చేరినా ఆ పువ్వు వల్ల మా ఆవిడ తిట్లు సగమయ్యాయి.

పోయిన వారం ఆ ఫోటో పెద్దాయనకిద్దామని స్టూడియోలో ప్రింటుకిచ్చా. సాయంత్రం వెళ్తే కుర్రాడు కవరు చేతిలో పెట్టి, "ఫోటో నిండా తెల్ల మచ్చలున్నాయన్నా, ఒక్కటి లేకుండా నీట్‌గా క్లీన్ చేశా" అన్నాడు.