తాడు, కర్ర, నోటు పుస్తకం

అల్లవరం మండలంలో సముద్రానికి దగ్గరగా మాకున్న ఇసుక నేలలో మా నాన్నగారు వేసిన సరుగుడు తోటను, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, గుత్తగా అమ్మేశాము. కొనడానికి వచ్చిన వ్యాపారి గట్టు మీద నిలబడి, మా అమ్మ ఇచ్చిన టీ చల్లారేలోగా తోటను ఒక్కసారి కలయజూసి ఒక అంకె చెప్పాడు. నాన్నగారు కాస్త పెంచమన్నారు, అతను కాస్త పెంచాడు, బయానా చేతులు మారింది. ఆఖరి లారీ వెళ్ళిన రోజున, క్యాలెండరు వెనుక లోడుకొక గీత గీస్తూ వచ్చిన మా అమ్మ ఆ గీతలను లెక్కపెట్టి, మేము అనుకున్న దానికంటే ఏడు లారీలు ఎక్కువ వెళ్ళాయని చెప్పింది. అతను మమ్మల్ని మోసం చేశాడని నేను ఇప్పటికీ అనను. తోటలో ఎంత కర్ర ఉందో అతనికి తెలుసు, మాకు తెలియదు. బేరమంతా ఆ తేడా మీదే నడిచింది.

అటవీశాస్త్రం చదివి, కాగితం కర్ర తోటల పనిలో ఇరవై ఏళ్ళకు పైగా గడిపి, ఇప్పుడు అమలాపురంలో ఉంటూ చిన్న రైతుల తోటలకు, అప్పుడప్పుడు పురపాలక సంఘాలకు నిర్వహణ ప్రణాళికలు రాసి ఇస్తున్నాను. నన్ను మొక్కలు అమ్మేవాడినని కొందరు, కర్ర కొనేవాడినని మరికొందరు అనుకుంటారు. కడియం నర్సరీలు ఇంత దగ్గరలో ఉన్న చోట మొదటి అనుమానం సహజమే. నేను నిజానికి ఇచ్చేది ఒక పటము, ఒక పట్టిక. పటంలో తోట హద్దులు, నేల తీరు, నీరు వచ్చే దారి, పోయే దారి, బండి తిరిగే దారి ఉంటాయి. పట్టికలో రాబోయే పదేళ్ళలో ఏ ముక్కలో ఏ సంవత్సరం ఏ పని చేయాలో, ఎందుకు చేయాలో ఉంటుంది. ‘ఎందుకు’ అన్న గడి ఖాళీగా మిగిలిన పనిని పట్టికలో నుంచి కొట్టేస్తాను.

ప్రభుత్వ అడవులకు ఈ పద్ధతి పాతదే. కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన వర్కింగ్ ప్లాన్ (అడవి నిర్వహణ ప్రణాళిక) ప్రకారం తప్ప అడవుల్లో చెట్లు నరకరాదని గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఆదేశించింది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో సొంత అడవి ఉన్నవారికి భూమి పన్నులో రాయితీ కావాలంటే కనీసం 25 ఎకరాలు ఉండాలి, పదేళ్ళకొకసారి ప్రణాళికను కొత్తగా రాయించి దాఖలు చేయాలి. కోనసీమలో లెక్క సెంట్లలో నడుస్తుంది. రెండెకరాల సరుగుడు ఉన్నవారు ఇక్కడ మంచి ఆసామి కిందే లెక్క. ఇంత చిన్న తోటకు ప్రణాళిక ఏమిటని అడిగేవారే ఎక్కువ. తోట చిన్నదైన కొద్దీ ప్రణాళిక అవసరం పెరుగుతుందని నా అభిప్రాయం. ఎందుకంటే చిన్న రైతుకు నరుకుడు నాలుగైదేళ్ళకు ఒక్కసారే వస్తుంది, ఆ ఒక్కసారి తప్పితే సర్దుకోవడానికి పక్కన ఇంకో తోట ఉండదు.

ఓడలరేవు వెళ్ళే దారిలో ఒక పెద్దాయన తోట గురించి కొంచెం వివరంగా చెబుతాను. రెండెకరాలు, మీటరున్నర ఎడంతో వేసిన సరుగుడు, వయసు నాలుగేళ్ళు, ఉత్తరాన ఆయన అన్నదమ్ముల కొబ్బరి తోట. నేను వెళ్ళేసరికి యాభై టన్నులకు మించదని ఒక వ్యాపారి చెప్పి వెళ్ళాడు. నా చేతిలో ఉన్న సరంజామా చూసి పెద్దాయన నవ్వాడు: 5 మీటర్ల 64 సెంటీమీటర్ల తాడు, 1 మీటరు 37 సెంటీమీటర్లకు కోసిన కర్ర, ఒక టేపు, నోటు పుస్తకం. “కొలిస్తే చెట్టేవన్నా లావెక్కుద్దేంటి బాబూ?” అన్నాడు. “లావెక్కదు బాబాయిగారూ, బేరం లావెక్కుద్ది” అన్నాను.

ఆ తాడుకు ఆ పొడవు ఊరికే రాలేదు. ఒక చెట్టును నడుమ పెట్టుకుని ఆ తాడుతో చుట్టూ తిరిగితే సరిగ్గా వంద చదరపు మీటర్ల వలయం వస్తుంది, ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు కనుక వలయంలో లెక్కపెట్టిన ఒక్కొక్క చెట్టు ఎకరంలో నలభై చెట్లకు ప్రతినిధి అవుతుంది. మీటరున్నర ఎడంలో ఒక్క మొక్క కూడా చావకపోతే వలయానికి 44 చెట్లు రావాలి. మంచి చెట్లు కనబడిన చోట ఆగాలన్న బుద్ధి ఎవరికైనా పుడుతుంది కనుక, వలయాలు ఎక్కడ వేయాలో ఇంటి దగ్గర పటం మీదే గుర్తుపెట్టుకుని, తోటలో అడుగులు లెక్కపెట్టుకుంటూ అక్కడికే వెళ్తాను. ఎనిమిది వలయాలు వేశాము. ఆరింటిలో సగటున 36 చెట్లు, ఆగ్నేయ మూలన ఉన్న రెండింటిలో 16 చొప్పున వచ్చాయి. మొత్తం మీద వలయానికి 31, అంటే రెండెకరాలకు సుమారు 2,500 చెట్లు. కొలత కర్ర ఎత్తులో ప్రతి చెట్టు చుట్టుకొలత రాసుకుని, సన్నవి, మధ్యరకం, లావువి కలిపి పన్నెండు చెట్లను కొట్టించి, బెరడు తీయించి కాటా వేస్తే చెట్టుకు సగటున 28 కిలోలు తేలింది. అంటే 70 టన్నులు. పెద్దాయన ఆ అంకెను నోటు పుస్తకంలో తన చేత్తో రాసి, కింద రెండు గీతలు గీశాడు.

అయితే ఆ రోజు నాకు కర్ర బరువు కంటే విలువైనదిగా తోచింది ఆగ్నేయ మూల. అక్కడ బతికిన చెట్లు కూడా పొట్టిగా, పసుపు తిరిగి ఉన్నాయి. సరుగుడు వేళ్ళ బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి ఉండి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కనుక ఇసుకలో కూడా ఎరువు లేకుండా బతికేస్తుందని రైతులు దానిని మొండి చెట్టు అంటారు. నిలవ నీటి దగ్గర ఆ మొండితనం పనిచేయదు. పక్కన రొయ్యల చెరువు తవ్వి గట్టు పోసినప్పుడు మురుగు బోదె పూడిపోయిందట, అది ఎవరి హద్దులో ఉందో తేలక మూడేళ్ళుగా ఎవరూ తీయలేదు. కాబట్టి ఆ తోట ప్రణాళికలో మొదటి పని చెట్లకు సంబంధించినదే కాదు. అరవై మీటర్ల బోదె పూడిక తీయాలి, ఆ మూలన ఉప్పును, తడిని ఓర్చుకునే కానుగ వేయాలి అని రాశాను. గట్టు మీద నిలబడి చూసిన వ్యాపారికి ఆ మూల కనబడే అవకాశమే లేదు, నాలుగేళ్ళుగా తోట యజమాని అయిన పెద్దాయనకూ కనబడలేదు.

ఎప్పుడు నరకాలన్నది తరువాతి ప్రశ్న. డెల్టాలో ఈ నిర్ణయం సాధారణంగా పెళ్ళో, అప్పో చేస్తుంది. దానిని నేను తప్పుపట్టను. తోట వేసిందే అందుకోసం. అందుకనే అరుగు మీద కూర్చుని, రాబోయే అయిదారేళ్ళలో ఇంట్లో ఏ ఖర్చులు ఉన్నాయో ముందుగా అడిగి రాసుకుంటాను. ఆ తరువాత చెట్టు లెక్క. నాలుగేళ్ళకు ఎకరానికి 36 టన్నులు అయితే ఏడాదికి సగటు 9 టన్నులు. అయిదో ఏట 12 టన్నులు పెరిగితే సగటు 9.6కు చేరుతుంది, ఆగడం లాభం. ఆరో ఏట 8 టన్నులే పెరిగితే ఆ ఏటి పెరుగుదల సగటు కంటే తగ్గినట్టు, ఇక నేలను ఖాళీ చేసి కొత్త మొక్క వేయడం మేలు. ఈ చిన్న లెక్క చేయాలంటే ఏటా ఒకసారి తాడు పట్టుకుని తోటలోకి వెళ్ళాలి. బాదుల (పందిళ్ళకు, కట్టడాలకు వాడే పొడవాటి గుంజల) కోసం అమ్మేవారికి, కాగితం మిల్లుకు తోలేవారికి ఈ లెక్క ఒకేలా ఉండదు. బాదులకు నిటారుతనం, పొడవు ముఖ్యం, మిల్లుకు టన్నే ముఖ్యం. మిల్లుకు తోలేవారు కొట్టిన కర్రను తోటలో ఎండబెట్టుకుంటే రోజురోజుకూ బరువు తగ్గిపోతుంది కనుక, లారీ ఖాయం కాకుండా గొడ్డలి పెట్టవద్దని ప్రణాళికలో పెద్ద అక్షరాలతో రాస్తాను.

నరికే నెల కూడా ముఖ్యమే. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో బోదెలు ఎండుతాయి, లారీ తోట దాకా వస్తుంది. కాలువకు నీరు వదిలాక అదే కర్రను పుంత (బండి బాట) దాకా మోయించడానికి కూలి రెట్టింపు అవుతుంది. మొత్తం తోటను ఒకే ఏడు నరికితే ఉత్తరాన కొబ్బరికి సముద్రపు గాలి అడ్డు పోతుంది. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను తరువాత కోనసీమలో తలలు విరిగి నిలబడిన కొబ్బరి తోటలను చూసినవారికి ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. పెద్దాయన తోటను నాలుగు కూపులుగా, అంటే విడివిడిగా నరికే ముక్కలుగా, విడదీసి ఏడాదికి ఒకటి చొప్పున నరకాలని, దక్షిణపు అంచున అయిదు వరుసలను అసలు ముట్టరాదని రాశాను. ఆ అయిదు వరుసల మీద మా ఇద్దరికీ గంట సేపు వాదన జరిగింది, చివరికి నాలుగు వరుసల దగ్గర ఒప్పందం కుదిరింది. మళ్ళీ వేసేటప్పుడు కోయంబత్తూరులోని అటవీ జన్యు సంస్థ క్లోన్లలో (ఒకే చెట్టు నుంచి అచ్చు దానిలాగే పెంచిన మొక్కలలో) ఒకే రకాన్ని రెండెకరాలకూ పరచవద్దని కూడా చెప్పాను. అన్నీ ఒకే తల్లి పిల్లలైతే తెగులు కూడా అన్నిటినీ ఒకేసారి చూస్తుంది.

మా వృత్తి గురించి ఒక మాట. ప్రణాళిక రాసేవాడు అమ్మకం మీద కమీషన్ తీసుకోకూడదు. కమీషన్ తీసుకునేవాడి పట్టికలో ప్రతి చెట్టూ ఈ ఏడాదే నరకడానికి సిద్ధంగా కనబడుతుంది. నేను ఎకరానికి ఇంత అని తీసుకుంటాను. చిన్న తోటకు అది భారమవుతుంది కనుక ఒకే పుంత మీద ఉన్న పది పన్నెండు మంది కలిసి వస్తే సర్వే ఒకేసారి చేసి ఖర్చు పంచుతాను. కలిసి వచ్చిన వారు కలిసి అమ్ముకోవడం కూడా నేర్చుకున్నారు, అది నా పట్టికలో లేని లాభం. టేకు వంటివి గట్ల మీద ఉంటే వాటికి నరికే అనుమతి, తరలించే పర్మిట్ సంగతి విడిగా రాసి ఇస్తాను.

పురపాలక సంఘాల పని దీనికి పూర్తిగా వేరు. అక్కడ చెట్టు నుంచి డబ్బు రాదు, చెట్టు పడితే ప్రాణం పోవచ్చు. డెల్టాలోని ఒక పట్టణం వారు నన్ను పిలిచి, వచ్చే వానాకాలంలో ఎన్ని మొక్కలు నాటాలో చెప్పమన్నారు. ఇప్పుడు ఎన్ని చెట్లు ఉన్నాయని అడిగాను. నాటిన మొక్కల లెక్క ఫైలులో ఏళ్ళ తరబడి ఉంది, బతికిన వాటి లెక్క ఒక్క కాగితం మీద కూడా లేదు. ఒక్క వార్డులో చెట్ల రిజిస్టరు తయారుచేసి చూపిస్తానని ఒప్పించి మొదలుపెట్టాను. చెట్టుకొక నంబరు, జాతి, చుట్టుకొలత, వంపు, తొర్ర, పైన కరెంటు తీగ ఉందా, కింద ఏముంది: ఇన్నే గడులు. చివరి రెండు గడులే ఖరీదైనవి.

ఆ రిజిస్టరులో 41వ నంబరు కాలువ గట్టున ఉన్న నిద్రగన్నేరు, చుట్టుకొలత 4 మీటర్లకు పైనే. దాని కింద టీ బడ్డీ, బడి పిల్లల బస్సు ఆగే చోటు. రోడ్డు పక్క డ్రెయిన్ కోసం రెండేళ్ళ కిందట తవ్వినప్పుడు ఒకవైపు వేళ్ళన్నీ తెగాయి, అప్పటి నుంచి చెట్టు కాలువ వైపు ఒరిగింది. దానిని కొట్టేయాలని ఒక వర్గం, ముట్టరాదని మరో వర్గం. ప్రమాదం అంటే చెట్టు పడే అవకాశం ఒక్కటే కాదని, పడితే ఎవరి మీద పడుతుందన్నది రెండో సగమని చెప్పి, బస్సు ఆగే చోటును ముప్పై మీటర్లు జరపమని, రోడ్డు మీదికి చాచిన రెండు పెద్ద కొమ్మలను తుఫానుల కాలానికి ముందే, సెప్టెంబరులోగా, తగ్గించమని రాశాను. బడ్డీ జరపడానికి మాత్రం కమిషనరుగారే స్వయంగా వెళ్ళవలసి వచ్చింది. ఆ పైన, చెట్టుకు ఇంత దూరంలో తవ్వకం జరగాలంటే ముందుగా రిజిస్టరులో సంతకం ఉండాలన్న షరతును ఇంజనీరింగు విభాగం చేత ఒప్పించడం నా మొత్తం పనిలో కష్టమైన భాగం.

జాతుల సంగతి కూడా రిజిస్టరే చెప్పింది. ఆ వార్డులో కొత్త చెట్లలో సగానికి పైగా కోనోకార్పస్ అనే విదేశీ జాతివే. ఏ మొక్క నర్సరీలో చవకగా, పచ్చగా దొరికితే అదే డివైడర్లన్నీ ఎక్కడం, తరువాత వద్దని పీకించడం మన పట్టణాలకు అలవాటైంది; 2023లో గుజరాత్ ప్రభుత్వం ఆ జాతిని నాటడాన్నే నిషేధించింది. అమెరికన్ వృక్ష శాస్త్రవేత్త ఫ్రాంక్ సాంటమోర్ 1990లో చెప్పిన కొలబద్ద ఒకటి ఉంది: ఊరి చెట్లలో ఒకే జాతి పదో వంతుకు, ఒకే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) అయిదో వంతుకు, ఒకే కుటుంబం నూటికి ముప్పైకి మించరాదు. గాలికి ఇట్టే విరిగే తురాయిని పార్కు నడుమకు పరిమితం చేసి, వీధుల్లో కానుగ, పొగడ, వేప, నేరేడు కలిపి వేయాలని, నాటిన మొక్కకు మూడేళ్ళ నీటి ఖర్చు కూడా అదే తీర్మానంలో మంజూరు కావాలని రాశాను. నీటి డబ్బు లేని మొక్కల సంఖ్యను సగానికి తగ్గించమన్నాను. ఆ వాక్యం మీద కొందరు సభ్యులకు కోపం వచ్చింది. కౌన్సిలు కాలం అయిదేళ్ళు, నా పట్టిక పదేళ్ళది, 41వ నంబరు చెట్టు వయసు వీరందరి వయసు కంటే ఎక్కువ. ఈ మూడు లెక్కలు ఒక్క కాగితం మీదకు తేవడానికి నాలుగు సమావేశాలు పట్టింది.

మొన్న వేసవిలో ఓడలరేవు పెద్దాయన ఫోను చేశాడు. రెండో కూపు కొట్టే ముందు తానే వలయాలు వేశానని, బోదె తీశాక ఆగ్నేయ మూల పచ్చబడిందని, కాని మిగిలిన వలయాల్లో కిందటి ఏడు కంటే చెట్లు పెరిగాయని చెప్పాడు. నాలుగేళ్ళు దాటిన తోటలో చెట్ల సంఖ్య పెరగడానికి వీలులేదు. వెళ్ళి చూస్తే నేనిచ్చిన నైలాను తాడు లాగి లాగి పావు మీటరు సాగింది. ఆ పావు మీటరుకే వలయం వైశాల్యం నూటికి తొమ్మిది పెరుగుతుంది. పుస్తకంలో ఆ పేజీని కొట్టేసి, సాగని టేపు ఒకటి ఆయనకు ఇచ్చి, ఇద్దరమూ ఒకటో వలయం నుంచి మళ్ళీ మొదలుపెట్టాము.