కుక్క అడ్డమొచ్చిందని ఎందుకు రాయాలి?

వర్క్‌షాపులో సర్వీస్ అడ్వైజర్ కారు ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఫారం నా ముందు పెట్టి, "కుక్క అడ్డమొచ్చింది, తప్పించబోతే గోడకు తగిలింది అని రాసేయండి మేడం, ఏ గొడవా ఉండదు" అన్నాడు. రోజూ పదిమందికి చెప్పే మాటలా చెప్పాడు.

జరిగింది వేరు. చిత్తూరు నుంచి తిరుపతికి పోతున్నాం. చంద్రగిరి దాటాక, శ్రీనివాసమంగాపురం దారి వెతుక్కుంటూ ముందున్న తమిళనాడు కారు స్లో అయింది. మా ఆయన వెనక నుంచి గుద్దేశారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదే పదివేలు. తప్పు మాదే, అందులో వాదన లేదు.

తప్పు మనదైతే ఇన్సూరెన్స్ రాదని చాలామంది అనుకుంటారు. ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే పనికొచ్చే ఒట్టి థర్డ్ పార్టీ కట్టినవాళ్లకు సొంత బండికి పైసా రాదు, నిజమే. కానీ కాంప్రహెన్సివ్ పాలసీలో సొంత బండి నష్టానికి ఓన్ డ్యామేజ్ అని ఒక భాగం ఉంటుంది. నడిపిన మనిషికి లైసెన్సు ఉందా, తాగి ఉన్నాడా, సొంత కారును బాడుగకు తిప్పుతున్నారా అని చూస్తారు. తప్పు మనదని డబ్బు ఆపరు. మరి కుక్క కథ దేనికి? అవతలివాళ్లూ క్లెయిమ్ వేస్తారు, వాళ్ల ఫోటోల్లో మన నెంబర్ ప్లేటు ఉంటుంది. రెండు కథలూ పొసగకపోతే వచ్చే డబ్బు కూడా పోతుంది. జరిగింది జరిగినట్టే రాశాను.

ఆ తమిళాయన రోడ్డు మీదే పదిహేను వేలు అడిగాడు. మా చిత్తూరోళ్లకు అరవం కొత్తేం కాదు, బేరం బాగానే సాగింది. మా ఆయన పర్సు కూడా తీశారు, నేనే ఆపాను. కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా అవతలివాళ్లకు డబ్బు ఇవ్వకూడదు, ఇస్తామని మాట కూడా ఇవ్వకూడదు. పాలసీ కండిషన్లలో ఉంది, ఎవరూ చదవరు. ఎదుటివాళ్ల బండికి, ఆస్తికి 7.5 లక్షల దాకా మా పాలసీలోనే కవర్ ఉంది, కానీ అది రావాలంటే ఆయన ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కు పోవాలి. ఒక బంపర్ కోసం ఎవరు పోతారు? కడకు తన పాలసీలోనే క్లెయిమ్ చేసుకున్నాడు. తప్పు మాది, క్లెయిమ్ వేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, పోయింది ఆయనకు. ఇది నాకు ఇప్పటికీ న్యాయంగా తోచదు.

నష్టం లెక్కకట్టే సర్వేయర్ వచ్చే రోజు మాత్రం వర్క్‌షాపులో మనం ఉండాలి. డబ్బు సంగతి అక్కడే తేలిపోతుంది. ఆయన కింద కూర్చుని, బంపర్ మూలలో వేలు పెట్టి లోపల విరిగిన లాక్ చూపించాడు. హెడ్‌లైట్ పైకి బాగానే ఉంది, వెనక క్లాంప్ తెగింది. ఏసీ కండెన్సర్ వంగింది. ఇవన్నీ కొత్తవి వేయమన్నాడు. బానెట్ దగ్గర పేచీ వచ్చింది. కొత్తది వేయాలని అడ్వైజర్, టింకరింగ్ చాలని సర్వేయర్. నేను సర్వేయర్ పక్షమే. మా కారుకు మూడేళ్లు దాటింది. జీరో డెప్, అంటే సామాన్లు పాతబడ్డాయని తరుగు కోయకుండా ఉండే అదనపు కవర్, లేదు కాబట్టి కొత్త రేకు వేస్తే తరుగు కింద 25 శాతం మా నెత్తిన పడుతుంది. టింకరింగ్ అయితే అది లేబర్, దానికి తరుగు లేదు.

ప్లాస్టిక్ సామాన్లకైతే బండి వయసుతో పని లేదు, సగం మనదే. 6,400 బంపర్‌కు 3,200 మేం కట్టాం, 7,000 హెడ్‌లైట్‌కు 3,500. హెడ్‌లైట్ అద్దం కదా, అద్దానికి తరుగు లేదు కదా అని అడిగితే, "ఇప్పుడన్నీ ప్లాస్టిక్కే అమ్మా" అన్నాడు సర్వేయర్. పెయింట్ బిల్లులో నాలుగో వంతును రంగు ఖర్చుగా లెక్కేసి, అందులో సగం కోశారు. 1500 సీసీ లోపు కారు కాబట్టి తప్పనిసరి కోత 1,000. గ్యాసు, కూలెంటు, క్లిప్పులు పూర్తిగా మన ఖాతాలోనే. మొత్తం బిల్లు 41,300 అయితే కంపెనీ 28,200 ఇచ్చింది, మాకు 13,100 పడింది.

క్లెయిమ్ వేయాలా, చేతి నుంచి పెట్టుకోవాలా అనేది ముందే లెక్క చూసుకున్నాను. వచ్చే రెన్యువల్‌లో మాకు 45 శాతం రావాల్సిన బోనస్ సున్నా అవుతుంది. మళ్లీ 20, 25, 35 అని మెట్లెక్కి 50కి చేరేదాకా పోయేదంతా కలిపితే, మా ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీద పదివేల చిల్లర. 28,000 కోసం అది పోయినా ఫర్వాలేదు. బిల్లు పదిహేను వేల లోపే అయ్యుంటే కంపెనీకి ఫోనే చేసేదాన్ని కాదు, ఆటోనగర్‌లో చేయించుకుని వచ్చేసేవాళ్లం.

ఈసారి రెన్యువల్‌కు బంపర్ టు బంపర్, అదే జీరో డెప్, వేయించాను. బోనస్ లేని ప్రీమియం, దాని మీద ఇదొకటి. మొత్తం చూసి మా ఆయన మొహం మాడ్చుకున్నారు. "మనం జాగ్రత్తగానే నడుపుతాం కదా" అని పోయినేడు దాన్ని తీసేయించింది తనే.