థీసిస్ అనుబంధాలకి కాపీరైట్ అనుమతులు: నా అనుభవం

పాత తెలుగు పత్రికల మీద పీహెచ్‌డీ అంటే అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం తప్పవు. చదువుకోడానికి నాలుగు పేజీలు కాపీ తీసుకుంటే చట్టంతో పేచీ లేదు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఎ) పరిశోధనతో సహా సొంత అవసరానికి, విమర్శకి, సమీక్షకి ఫెయిర్ డీలింగ్ (అనుమతి లేకుండా న్యాయమైన మేరకు వాడుకోవడం) ఒప్పుకుంటుంది. అదే పేజీ థీసిస్‌లో చేరి, మన యూనివర్సిటీల థీసిస్‌లని ఆన్‌లైన్‌లో అందరికీ అందుబాటులో ఉంచే శోధ్‌గంగలోకి ఎక్కిందంటే అది ఇక సొంత వాడకం కాదు, లోకం ముందు పెట్టడం. అసలు చిక్కంతా ఇక్కడే.

"10 శాతం దాకా కాపీ చేసినా పర్లేదు" అని క్యాంపస్‌లో చెప్పుకుంటారు. ఆ 10 యూజీసీ 2018 ప్లేజియరిజం (ఇతరుల రాతని సొంతదిగా చూపడం) నిబంధనల్లోని లెక్క, థీసిస్ వేరే రాతలతో ఎంత పోలి ఉందో చూసేది. కాపీరైట్ చట్టంలో అలాంటి కొలత లేదు. సాఫ్ట్‌వేర్ రిపోర్టు శుభ్రంగా వచ్చినా, అనుబంధంలో మొత్తం వ్యాసం పెడితే హక్కుల ప్రశ్న అలాగే ఉంటుంది. 2016 ఢిల్లీ హైకోర్టు జిరాక్స్ తీర్పునీ చాలామంది చూపిస్తారు. అది పాఠం చెప్పే సందర్భంలో కోర్స్ ప్యాకుల (పుస్తకాల్లోని భాగాలు జిరాక్స్ తీసి విద్యార్థుల కోసం కట్టినవి) గురించి; థీసిస్‌ని ఆన్‌లైన్‌లో పెట్టడానికి దాన్ని ఆసరా చేసుకోకూడదు.

నేను ముందు కాపీరైట్ గడువు తీరినవి పక్కకి తీశాను. రచయిత పోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు లెక్క. గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు కాబట్టి ఆయన బతికుండగా అచ్చయిన రచనలు 2014 నుంచి అందరివీ. పేరు లేని సంపాదకీయాలకి, రాసిందెవరో బయటపడకపోతే, అచ్చయిన ఏడాదిని బట్టి లెక్క. కొత్త ముద్రణలో చేర్చిన పీఠికకి, వివరణలకి మాత్రం విడిగా హక్కులుంటాయి. అందుకే పాత ప్రతినే వాడాలి.

గడువు తీరని కార్టూన్లని అనుబంధంలోంచి తీసి, వాటి గురించి చర్చించిన అధ్యాయంలోనే పెట్టాను. విశ్లేషణ పక్కనుంటేనే విమర్శ అన్న మాట నిలబడుతుంది. ఊరికే అలంకారంగా పెడితే నిలబడదు.

పూర్తి వ్యాసాలకి ఉత్తరాలు రాయక తప్పదు. లైబ్రరీ దగ్గర ప్రతి ఉన్నంత మాత్రాన హక్కు దానిది కాదు. రచయిత వారసులనో ప్రచురణకర్తనో వెతకాలి. ఉత్తరంలో రచన పేరు, పత్రిక సంచిక, పేజీలు, థీసిస్ శీర్షికతో పాటు, "శోధ్‌గంగలో ఉచితంగా, శాశ్వతంగా ఉంటుంది" అనే వాక్యం తప్పకుండా ఉండాలి. "థీసిస్‌లో వాడుకోండమ్మా" అని ఫోన్లో అంటే సరిపోదు, రాతపూర్వకంగా కావాలి. రేపు పుస్తకంగా వేస్తే మళ్లీ అడగాలి.

జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు. అలాంటి వ్యాసాలు తీసేసి, సారాంశం నా మాటల్లో రాసి, ఏ లైబ్రరీలో ఏ సంచికలో దొరుకుతుందో ఫుట్‌నోట్‌లో ఇచ్చాను.