లోను కోసం వెళ్తే కోర్ కాంపిటెన్సీ ఏంటన్నారు: నా అనుభవం

నిన్ననే శాంక్షన్ లెటర్ చేతికొచ్చింది, అందుకే వేడి మీదే రాసేస్తున్నా. మాది భీమవరం దగ్గర లేత్ (ఇనుమును తిప్పుతూ చెక్కే మెషిన్) వర్క్‌షాపు. సీఎన్‌సీ మెషిన్ (కంప్యూటర్ ఆదేశాలతో నడిచేది) కోసం బ్యాంకులో అప్లై చేశాను. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఆధార్‌తో ఇంట్లో కూర్చునే అయిపోతుంది, పైసా ఖర్చు లేదు. దానికి డబ్బులడిగే బ్రోకర్లను గుమ్మం ఎక్కనివ్వకండి. కొటేషన్, జీఎస్టీ కాగితాలు కూడా పెద్ద పని కాదు.

అసలు నరకం ప్రాజెక్ట్ రిపోర్టు దగ్గర. అందులో కోర్ కాంపిటెన్సీ (అంటే మన వ్యాపారానికి ఆయువుపట్టు లాంటి ప్రత్యేక నైపుణ్యం) అనే గడిలో మా ఆడిటర్ ‘నాణ్యత, నిజాయితీ, కస్టమర్ సంతృప్తి’ అని నింపి పడేశాడు. బ్యాంకు ఆఫీసరు అది చదివి, చుట్టూ జనం వింటుండగా, "ఇది ప్రతి ఫైల్లోనూ ఉంటుందండీ, మీ ప్రత్యేకత ఏంటో మీరే చెప్పలేకపోతే లక్షలు ఎలా ఇస్తాం?" అన్నాడు. మెషిన్ ఆగిపోతే మిల్లుల వాళ్లు అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టేది నా దగ్గరే, అలాంటి నేను, అక్కడ తల దించుకుని నిలబడాల్సి వచ్చింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఎంబీఏ చదువుతున్న మా అమ్మాయి కూర్చోబెట్టి చెప్పింది. ఈ మాటను 1990లో సి.కె. ప్రహ్లాద్, గ్యారీ హామెల్ అనే ఇద్దరు మేనేజ్‌మెంట్ పండితులు ప్రచారంలోకి తెచ్చారు. ప్రహ్లాద్ మన కోయంబత్తూరులో పుట్టినాయనే. వాళ్లు పెట్టిన పరీక్షలు మూడు. ఆ నైపుణ్యంతో రకరకాల మార్కెట్లలోకి వెళ్లగలగాలి, కొనేవాడికి మేలు కనిపించాలి, పోటీవాడు తేలిగ్గా కాపీ కొట్టలేకపోవాలి. హోండాకి ఇంజిన్ల మీద ఉన్న పట్టు అలాంటిదే, బైకుల్లోకీ కార్లలోకీ జనరేటర్లలోకీ అదే వెళ్లింది.

"మరి మనకేముంది నాన్నా?" అంది. డ్రాయింగ్ లేకుండా, అరిగిన షాఫ్టు చూసి కొత్తది చేసివ్వడం! బేరింగ్ కూర్చునే చోటు అరిగిపోతే మా మేస్త్రి పక్కనున్న అరగని అంచు మీద వెర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం) పెట్టి అసలు సైజు పట్టేస్తాడు. ఆ పని రైస్ మిల్లుకీ, ఐసు ఫ్యాక్టరీకీ, రొయ్యల చెరువులో నీళ్లకి గాలి అందించే ఏరియేటర్‌కీ పనికొస్తుంది. రాత్రి ఏరియేటర్ ఆగితే ఆక్సిజన్ అందక తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది, గంటల్లో పార్టు చేసిచ్చేవాడి విలువ ఆ రైతుకే తెలుసు. లేత్ ఎవరైనా కొనుక్కోవచ్చు. మా మేస్త్రి చెయ్యి, ఏళ్లుగా రాసిపెట్టుకున్న మా కొలతల పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

అదంతా రిపోర్టులో రాయించి, పాత షాఫ్టు, కొత్త షాఫ్టు సంచిలో వేసుకెళ్లి అదే ఆఫీసరు టేబుల్ మీద పెట్టాను. రెండూ తిప్పి తిప్పి చూసి, ఈసారి కూర్చోమన్నాడు. ఆ పనితనం మాది, గర్వంగానే చెప్తున్నా.

లోనుకెళ్లేవాళ్లు లెక్కలు ఆడిటర్‌కే వదిలేయండి, కానీ ఆ గడి మాత్రం మీ పనివాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని మీరే రాయండి.