జీలకర్రగూడెం కొండలో రాతి చుట్టిల్లు

గుంటుపల్లి గుహలు చూడాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాను. మొన్న కార్తీకమాసంలో అమ్మని తీసుకుని ఏలూరు నుంచి బయల్దేరాను. కామవరపుకోట దాటాక దారంతా పామాయిల్, జీడిమామిడి తోటలే. జీలకర్రగూడెంలో దిగగానే ఎదురుగా గుహలున్న కొండ, మెట్లు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కగలదా అని నాకు టెన్షన్. మధ్యలో రెండుసార్లు కూర్చుంది, అంతే.

ఈ కొండ మీద రెండువేల ఏళ్ల కిందటే బౌద్ధ భిక్షువులు ఉండేవారు. వాళ్లు ఇసుకరాయిని తొలిచి చేసిన గుండ్రటి చైత్యం, అంటే వాళ్ల ప్రార్థన మందిరం ముందు చాలాసేపు నిలబడిపోయాను. లోపల నడుమ స్తూపం, చుట్టూ ఒక్క మనిషి తిరిగేంత సందు. తలెత్తి చూస్తే కప్పు నిండా వాసాలు! గొడుగు ఊచల్లా పైనుంచి గోడ దాకా దిగుతున్నాయి. అన్నీ రాతిలో చెక్కినవే. కొండని తొలిచిన కప్పుకి వాసాలతో పనిలేదు. అయినా తాము ఎరిగిన కర్ర ఇంటినే రాతిలో కట్టుకున్నారు. చెయ్యి చాపి గోడని తాకాను, చల్లగా ఉంది.

"మీ మామ్మ వాళ్ల చుట్టింట్లోనూ వాసాలు ఇలాగే ఉండేవిరా" అంది అమ్మ.

స్తూపానికి పసుపు, కుంకుమ పెట్టి ఉన్నాయి. ఊరివాళ్లకి ఈయన ధర్మలింగేశ్వరస్వామి. అమ్మ మూడు ప్రదక్షిణాలు చేసింది. "ఇది బౌద్ధుల స్తూపం అమ్మా" అన్నాను. "అయితే మాత్రం, దణ్ణం పెట్టకూడదా?" అంది. నాకూ పెట్టాలనిపించింది, పెట్టాను.

పక్కనే భిక్షువుల గదులు, గుమ్మాల మీద లాడం ఆకారపు తోరణాలు. ఇంకా పైకి వెళ్తే రాతి మెట్ట మీద చిన్నా పెద్దా స్తూపాలు గుంపుగా. ఇక్కడి స్తంభాల మీద ఒక బ్రాహ్మీ శాసనం ఉంది. మహామేఘవాహన వంశపు రాజు సిరి సద దగ్గర రాతపని చేసే చూళగోముడు మండపం ఇచ్చాడని అందులో ఉంది. రాజు కాదు, ఒక లేఖకుడు! ఆ సంగతి నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. గుహల గోడల మీద మేకులతో పేర్లు గీకిన కుర్రాళ్లని తలుచుకుంటే మాత్రం కడుపు మండింది. మెత్తటి రాయి, ఒకసారి గీస్తే మళ్లీ పూడదు.

కొండ మీద గాలి బాగా వీస్తోంది. కింద లోయంతా పచ్చగా చెట్లు. దిగేటప్పుడు అమ్మ ఒక్కసారి కూడా కూర్చోలేదు. కారెక్కగానే పిన్నికి ఫోన్ చేసి, "అచ్చం మన చుట్టిల్లేనే, వాసాలతో సహా" అని మొదలుపెట్టింది. కామవరపుకోట వచ్చినా ఆ మాటలు అవలేదు.