కుంపటి బయట పెట్టిన తరువాత

మా వారి ఉద్యోగరీత్యా మేము 2021 అక్టోబరు నెలాఖరున విజయనగరం విడిచి, సాలూరు దాటి, సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి మీదుగా సిమిలిగుడ చేరుకున్నాము. ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో ఉన్న ఈ ఊళ్ళో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి గనుక భాష గురించి నాకు దిగులు లేకపోయింది. నా దిగులంతా 76 ఏళ్ళ మా అత్తయ్య గురించే. ఆమెకు చాలా ఏళ్ళుగా షుగరు ఉంది, పాదాలలో తిమ్మిరి ఉంది, పైగా పుట్టినప్పటినుంచి మైదానంలోనే బతికిన మనిషి. మాకు దొరికిన ఇల్లు స్లాబు ఇల్లు, గచ్చు సిమెంటుది, వాకిలి ఉత్తరం వైపుకు ఉంది. అద్దె కుదుర్చుకున్న రోజున మధ్యాహ్నపు ఎండలో ఆ ఇల్లు చల్లగా హాయిగా అనిపించింది. ఆ చల్లదనమే నెల తిరక్కుండా మమ్మల్ని కష్టపెట్టబోతుందని అప్పుడు నాకు తోచలేదు.

సిమిలిగుడ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ప్రతి 1000 మీటర్లకు గాలి ఆరేడు డిగ్రీలు చల్లబడుతుంది గనుక విజయనగరంలో శాలువాతో సరిపోయే రాత్రి ఇక్కడ ఒంటిని కోసేస్తుంది. మబ్బు లేని రాత్రి అయితే పగలు స్లాబు పీల్చుకున్న కాస్త వేడీ ఆకాశంలోకి పోతుంది, తెల్లవారేసరికి కప్పు చన్నీళ్ళ కుండలాగా ఉంటుంది. డిసెంబరు తెల్లవారుజామున మంచు దట్టంగా పట్టి ఎదురింటి గేటు కూడా కనబడేది కాదు. గోడకు తగిలించిన ఉష్ణమాపకం ఒక ఉదయం ఆరు గంటలకు బయట 8 డిగ్రీలు, లోపల 13 డిగ్రీలు చూపించింది. ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించిన సంగతి తరువాత తెలిసి, ఆ 13 అంకె తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె కలుక్కుమనేది.

మొదట్లో అందరూ చేసే పనులే మేమూ చేశాము. అత్తయ్యకు స్వెట్టరు మీద స్వెట్టరు వేసి, మంకీ క్యాపు పెట్టి, రెండు రగ్గులు కప్పి పడుకోబెట్టాము. 2000 వాట్ల హీటరు కొని మంచం పక్కన ఉన్న మామూలు సాకెట్లో పెట్టాము. మూడో రోజు రాత్రి ప్లగ్గు దగ్గర కాలుతున్న వాసన వచ్చింది. చూస్తే సాకెట్ ప్లాస్టిక్ మెత్తబడి వంగిపోయి ఉంది. ఆ హీటరు తొమ్మిది ఆంపియర్ల దాకా కరెంటు లాగుతుందనీ, 6 ఆంపియర్ల సాకెట్ దానికి తట్టుకోలేదనీ మరునాడు వచ్చిన ఎలక్ట్రీషియన్ చెప్పి, వైరు మార్చేదాకా దాని జోలికి పోవద్దన్నాడు. అతను మళ్ళీ రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజుల్లోనే మేము చేయకూడని పని చేశాము.

సంతలో మట్టి కుంపటి, బస్తాడు కర్ర బొగ్గులు కొన్నాను. చిన్నప్పుడు మా అమ్మమ్మ వాకిట్లో కుంపటి రాజేసి కాళ్ళు కాచుకోవడం చూసినదాన్ని గనుక అందులో తప్పు కనిపించలేదు. ఆ రాత్రి పొగ పోయి నిప్పులు ఎర్రగా కణకణలాడే వరకు బయట ఉంచి, తరువాత గదిలోకి తెచ్చాను. గాలి రాకుండా వెంటిలేటరులో పాత బట్టలు కుక్కాను, తలుపు కింద గోనె సంచి దూర్చాను. గది పది నిమిషాలలో వెచ్చబడింది. అత్తయ్య చాలా రోజుల తరువాత వణకకుండా పడుకుంది. రాత్రి రెండు గంటలు దాటాక మా పాప వాంతి చేసుకుని ఏడవడంతో నాకు మెలకువ వచ్చింది. తల బద్దలవుతున్నట్టు ఉంది, లేద్దామంటే కాళ్ళు నిలవలేదు. అత్తయ్యను పిలిస్తే పలకలేదు, భుజం పట్టి కుదిపితే మూలిగింది. మా వారు పాకుతూ వెళ్ళి తలుపు గడియ తీశారు. ముగ్గురినీ వరండాలోకి చేర్చి, చలిగాలిలో గోడకు ఆనించి కూర్చోబెట్టిన తరువాత గానీ అత్తయ్య కళ్ళు తెరవలేదు. పక్కింటివారి వాహనంలో ఆసుపత్రికి తీసుకువెళితే తెల్లవారేదాకా ఆమెకు ఆక్సిజన్ పెట్టారు.

అక్కడి డాక్టరు గారు చెప్పిన మాటలు నేను మరిచిపోలేదు. పొగ లేనంత మాత్రాన బొగ్గు నిప్పు మంచిది కాదు. ఎర్రటి నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, అందుకే మనిషికి ఊపిరి ఆడుతున్నట్టే ఉంటుంది గానీ ఒంటికి ప్రాణవాయువు అందదు. నిద్రలో ఉన్నవాళ్ళకు తలనొప్పి తెలిసే అవకాశం కూడా ఉండదని ఆయన అన్నప్పుడు పాప ఏడుపు ఎంత పని చేసిందో నాకు అర్థమైంది. మూసిన స్నానాల గదిలో గ్యాస్ గీజరు కూడా ఇదే ప్రమాదం తెస్తుందని, దాన్ని గది బయటే బిగించాలని ఆయన చెప్పారు. ఆ రోజు నుంచి కుంపటి వాకిట్లోకి మారింది. చలి మంట ఎంత వేసుకున్నా ఆరుబయటే.

ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం పక్కింటి పిన్నిగారు గంజి తెచ్చి ఇచ్చి, మా గది నాలుగు మూలలా తిరిగి చూశారు. వాళ్ళ తాతగారి కాలంలో సాలూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం వారిది. ఈ చలిని మూడు తరాలుగా ఎరిగినవారు. "ఇంత ఇంటికి ఎక్కడి వేడి సరిపోతుందమ్మా, ఒక గది పట్టుకో, అందరూ అందులోనే పడుకోండి" అన్నారు. మరునాడే దక్షిణం కిటికీ ఉన్న చిన్న గదిని ఖాళీ చేసి మా నలుగురి పక్కలూ అందులోకి మార్చాను. నిద్రపోయే పెద్దమనిషి ఒంటి నుంచి కూడా సుమారు 70 వాట్ల వేడి వస్తుందని మా వారు లెక్క చెప్పినప్పుడు, చిన్న గదిలో కలిసి పడుకునే పాత అలవాటు వెనుక ఉన్న తెలివి నాకు తెలిసింది.

తరువాత సందుల పని మొదలుపెట్టాను. రాత్రి లైటు తీసి, అగరుబత్తి వెలిగించి, తలుపు అంచుల వెంట, కిటికీ రెక్కల వెంట నెమ్మదిగా నడిపించాను. పొగ నిటారుగా లేస్తే సరే. ఎక్కడ పక్కకు వంగితే అక్కడ గాలి దూరుతున్నట్టు. తలుపు కింద రెండు వేళ్ళు పట్టేంత సందు ఉంది. మా వారి పాత పంచెను తలుపు వెడల్పుకు కత్తిరించి, పొడుగ్గా గొట్టంలా కుట్టి, జల్లించిన ఇసుక నింపి, రెండు కొసలా గట్టిగా కట్టాను. ఊక నింపి కూడా చూశాను గానీ అది తేలిక, తలుపు తీసిన ప్రతిసారీ జరిగిపోయేది. కిటికీ రెక్కల మధ్య దూది చుట్టిన తాడు నొక్కి, వాటికి లోపలి వైపు మందపాటి పాలిథిన్ బిగించాను. గోడ పైనున్న వెంటిలేటరును మాత్రం బెత్తెడు తెరిచే ఉంచాను. ఆ రాత్రి తరువాత దాన్ని మూయడానికి నా చెయ్యి రాలేదు, మూయకూడదు కూడా. నలుగురు పడుకునే గదికి ఆ మాత్రం గాలి కావాలి.

ఇన్ని చేసినా అత్తయ్య తెల్లవారుజామున లేచి కూర్చునేది. "నడుం కింద ఎవరో నీళ్ళు పోసినట్టుందే అమ్మా" అనేది. పైన ఎన్ని కప్పినా తీరని చలి కింద నుంచి వస్తోందని ఆ మాట వినేదాకా నేను ఆలోచించలేదు. ఆమె పరుపు పదేళ్ళ నాటిది. దూది అట్టకట్టి, ఒళ్ళు ఆనిన చోట పలకలాగా అయిపోయింది. దూదిలో వెచ్చదనం దూదిది కాదు, దాని మధ్య చిక్కుకున్న గాలిది. ఒంటి బరువుకు అణిగిపోయిన పరుపులో ఆ గాలికి చోటే లేదు. దూదిని విప్పించి, ఏకించి, ఎండబెట్టి, మళ్ళీ నింపించాను. మంచాన్ని బయటి గోడ నుంచి ఒక మూర దూరం జరిపాను. నవారు మీద గోనె సంచులు, వాటి మీద తుంగ చాప, చాప మీద కుందులి సంతలో కొన్న ఉన్ని కంబళి, ఆ పైన పరుపు వేశాను. కంబళిని కప్పుకోవడానికి కొని పరుపు కింద వేయడం అత్తయ్యకు మొదట వృథా అనిపించింది. రెండు రాత్రుల తరువాత ఆమే దాన్ని సర్ది వేయించుకోవడం మొదలుపెట్టింది.

కప్పుకునేవాటికి నేను బొంత కుట్టాను. మా అమ్మవీ, అత్తయ్యవీ ఆరు పాత నేత చీరలు పొరలు పొరలుగా పరిచి, అంచులు మడిచి, జానెడు జానెడు దూరంలో దారం వేసుకుంటూ పోతే ఎనిమిది మధ్యాహ్నాలు పట్టింది. ఒంటికి ఆనేది ఉతికి మెత్తబడిన చీర, దాని మీద బొంత, అన్నిటికంటే పైన రగ్గు. ఈ వరసలో కప్పితే రగ్గు గుచ్చుకోదు, వేడి పొరల మధ్య నిలుస్తుంది. రెండు స్వెట్టర్లు బిగుతుగా వేసి పడుకోబెట్టడం మానేశాను. బిగుతు బట్ట మధ్య గాలికి చోటు ఇవ్వదు, పైగా షుగరు ఉన్నవారి పాదాలకు బిగుతు మేజోళ్ళు మంచివి కావు. వదులైన ఉన్ని మేజోళ్ళు, చెవులు కప్పే టోపీ చాలినాయి.

వేన్నీళ్ళ సంచి విషయంలో జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. తిమ్మిరి ఉన్న పాదాలకు కాలుతున్న సంగతి తెలియదు. బొబ్బ వస్తే మానడానికి నెలలు పడుతుంది. అందుకని సలసల కాగిన నీళ్ళు పోయను. వేడి నీళ్ళతో మూడింట రెండు వంతులు నింపి, మిగిలిన గాలిని నొక్కి తీసేసి, మూత బిగించి, తువ్వాలు చుట్టి, అత్తయ్య పడుకోవడానికి అరగంట ముందు పక్కలో కాళ్ళ వైపు పెడతాను. ఆమె పడుకునేటప్పుడు దాన్ని తీసేస్తాను. పక్క అప్పటికే వెచ్చబడి ఉంటుంది గనుక ఇక దాని అవసరం ఉండదు.

హీటరును కూడా పూర్తిగా విడిచిపెట్టలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి విడిగా మందపాటి వైరు లాగి 16 ఆంపియర్ల సాకెట్ బిగించిన తరువాత, పాతదాని బదులు 800 వాట్ల హీటరు తెచ్చాము. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా వేసి, మేము పడుకోకముందే ఆపేస్తాము. రోజుకు 1.6 యూనిట్ల కరెంటు ఖర్చు. సందులు మూసిన చిన్న గదికి అది సరిపోతోంది. దాని ముందు తడి బట్టలు ఆరేయడం, ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టడం ఇంట్లో ఎవరినీ చేయనివ్వను.

పగటి పని ఎండతోనే. మంచు విడిచి తొమ్మిదింటికి ఎండ తగలగానే దక్షిణం కిటికీ తెర తీస్తాను, బొంతలు, రగ్గులు దండెం మీద వేస్తాను; మూడున్నరకల్లా అవి వేడివేడిగా లోపలికి వస్తాయి, తెర మూసేస్తాను. ఆలస్యమైతే మంచు చెమ్మ పట్టి, రాత్రంతా ఆ చెమ్మే ఒంటికి తగులుతుంది. అత్తయ్య స్నానం పదకొండు గంటలకు, ఒంటికి నువ్వుల నూనె రాసి ఎండలో కాసేపు కూర్చున్నాక. తిండి విషయంలో ఆమెకు కావలసింది వేడి వేడి చోడి (రాగి) అంబలి. ఇక్కడి సంతలో చోళ్ళు అంటే కొందరికి తెలియదు, మాండియా అని అడగాలి.

ముసలివారికి చలి వేసినా వణుకు సరిగా రాదని, ఒళ్ళు 95 ఫారన్‌హీట్ కంటే దిగితే ప్రమాదమని డాక్టరు గారు చెప్పారు. అందుకే జనవరి అంతా రోజూ పొద్దున్నే అత్తయ్యకు థర్మామీటరు పెట్టి చూశాను, మాట తడబడుతోందా, మత్తుగా ఉందా అని గమనించాను. ఒక్క రోజు కూడా 97 కంటే తగ్గలేదు. సంక్రాంతి ముందు తెల్లవారుజామున బయట 9 డిగ్రీలు ఉన్న రోజున మా గదిలో 17 చూపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఆ 18కి ఇంకా ఒక డిగ్రీ తక్కువే. స్లాబుకు లోపలి వైపు తాటాకు చాపలు కట్టించాలని వచ్చే ఏటికి అనుకున్నాము.

ఫిబ్రవరి నెలాఖరున బొంతలు ఉతికి, ఎండబెట్టి, మడతల మధ్య వేపాకు వేసి పెట్టెలో సర్దాను. తలుపు కింది ఇసుక సంచిని తీయబోతే అత్తయ్య వద్దంది. వానాకాలం జల్లు లోపలికి రాకుండా అక్కడే ఉండనిమ్మంది.